ఎర్మెలిందా కబుర్ల తాడు

అగ్వాదా ఒందా పట్టణంలో రైలుకట్టను ఆనుకొని ఉన్న మా రేడియో కేంద్రానికి ఒకప్పుడు పేరు రాసిన రేకు ఉండేది. గాలి దానిని ఏనాడో ఎత్తుకుపోయింది. మరొకటి బిగించాలని ఎవరికీ తోచలేదు. మెట్టమీద కాపురమున్నవారిలో ఏ ఒక్కరూ ఆ కేంద్రాన్ని దాని పేరుతో పిలిచి ఎరుగరు. "ఎర్మెలిందా దగ్గర ఇచ్చి రా" అనేవారు. "ఎర్మెలిందాను అడిగి చూడు" అనేవారు. ఆ ఎర్మెలిందా పైనెఫిల్ పాతికేళ్లకు పైగా మా మెట్ట కబుర్లను అందుకొని, వరుసలో పెట్టి, చేరవలసిన చెవికి చేర్చింది. ఆమె గొంతు వెనుక యంత్రం చూసుకుంటూ కూర్చున్నవాడిని నేను. ఆమె పని ఎటువంటిదో నాకు తెలిసినంతవరకు సరిగా చెబుతాను.

మా మెట్టమీద ఇంటికీ ఇంటికీ నడుమ గుర్రం మీద పూట ప్రయాణం. గొర్రెలూ, ముళ్లపొదలూ, గాలీ తప్ప ఆ నడుమ మరేమీ ఉండవు. టెలిఫోను తీగ పట్టణం దాటి ముందుకు సాగలేదు. ఆసుపత్రిలో చేరినవాడూ, బొచ్చు అమ్మడానికి వచ్చినవాడూ, బడి వసతిగృహంలో బిడ్డను దింపినవాడూ తన ఇంటికి చెప్పుకోవలసిన మాటను ఒక చీటీమీద రాసి మా దగ్గరకు తెచ్చేవాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాటిని చదివేవాళ్లం. "సెర్రో బాయోలో అబెలీనో కయుమీల్‌కు: అమ్మ ఆపరేషను బాగా జరిగింది. శనివారం లారీలో వస్తున్నాం. వంతెన దగ్గర రెండు గుర్రాలతో ఉండు. ఒకటి మెత్తగా నడిచేది కావాలి." ఇటువంటివి. వినేవాడు బదులు చెప్పే వీలు లేదు. విన్నాడా లేదా అన్నది వంతెన దగ్గర గుర్రాలు కనిపిస్తేనే తెలిసేది.

ఎర్మెలిందా రాకముందు ఈ కబుర్లను వచ్చిన వరుసలోనే చదివేవారు. మొదట తలుపు తట్టినవాడిది మొదట, ఆఖరున వచ్చినవాడిది ఆఖరున. చూడడానికి అది న్యాయంగానే ఉన్నది. అయితే వినేవాడి వైపు నుంచి అది న్యాయం కాదని ఆమెకు చిన్ననాడే తెలిసింది. ఆమె తండ్రి సముద్రతీరపు ఆసుపత్రి నుంచి తిరిగివస్తూ, వంతెన దగ్గరకు గుర్రం తెమ్మని కబురు పెట్టాడు. తల్లీ పిల్లలూ రేడియో ముందు కూర్చున్నారు. ఎవరెవరి కబుర్లో ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. తమది ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక ఆపడానికి లేదు. బ్యాటరీలు నీరసించాయి; గొంతు సన్నగిల్లి, గుసగుసగా మారి, ఆగిపోయింది. తండ్రి మంచువానలో వంతెన దగ్గర నిలబడి నిలబడి చివరకు నడిచి ఇల్లు చేరాడు. "చెప్పి పంపాను కదా" అని మాత్రం అన్నాడు, కోపం లేకుండానే. ఆనాటి చలికి పట్టిన దగ్గు ఆయనను మరి విడువలేదు.

పెద్దదై, వసతిగృహపు బడిలో చదువు ముగించి, గొంతు స్పష్టంగా ఉన్నదన్న కారణాన మా కేంద్రంలో కుదిరిన మొదటి వారంలోనే ఆమె బట్టలారేసే తాడు ఒకటి తెచ్చి, గదిలో పడమటి కిటికీ నుంచి తూర్పు తలుపు దాకా కట్టింది. ఆ తాడు మా దారి. కిటికీ చివర కొండల కింది ఆఖరి ఇల్లు. తలుపు చివర మా పట్టణం. నడుమ ఒక్కొక్క తావుకు ఒక్కొక్క ముడి. చీటీ రాగానే అది ఏ ముడికి చెందుతుందో చూసి, అక్కడ క్లిప్పుతో తగిలించేది. చదివే వేళకు కిటికీ దగ్గర మొదలుపెట్టి, చీటీలు తీసుకుంటూ తలుపు వైపు నడిచి వచ్చేది. దూరాన ఉన్నవాడు ముందు వినాలి, జీను వేసుకొని ముందు బయలుదేరవలసినవాడు అతడే కాబట్టి. ఇదీ ఆమె లెక్క.

ఇంతటి చిన్న మార్పుతో మా మెట్ట జీవితమే మారింది. ప్రతి తావువాడికీ తన వేళ తెలిసిపోయింది. తన ముందరి తావు పేరు వినబడే వేళకు రేడియో తిప్పి, తన పేరు దాటిపోగానే ఆపేసేవాడు. చలికాలానికి చాలని బ్యాటరీలు చలికాలం గడిచాక కూడా పలికాయి. ఆడవాళ్లు వంటను కూడా ఆ వరుసతోనే కొలిచారు. "సెర్రో బాయో వచ్చేసరికి కుండ దించాలి" అనుకునేవారు. పొరుగువాడి కబురు విన్నవాడు దానిని ఆ ఇంటికి మోసుకుపోవాలన్నది మాత్రం ఎర్మెలిందా పెట్టినది కాదు. అది మా తాతల నాటి మర్యాద.

అందరి కబుర్లూ అందరూ వింటారు గనుక చిన్న చిన్న చిక్కులు లేకపోలేదు. లా ఓర్కేతా అనే ఎత్తైన తావులో ఒంటరిగా ఉండే ముసలామె, మేము గౌరవంగా దోన్యా అని పిలిచే క్లెమెంతీనా కురికేవుకు ఒకసారి పట్టణంలోని కూతురు కబురు పెట్టింది: "అమ్మా, నీ పళ్లసెట్టు తయారైంది. నోరు చూపించడానికి రమ్మంటున్నాడు డాక్టరు." ఎర్మెలిందా ఉన్నది ఉన్నట్టు చదివింది. ఆ ఏడు బొచ్చు కత్తిరింపుల దగ్గర ముసలామెను చూసిన ప్రతివాడూ "దోన్యా, ఒకసారి నవ్వండి" అన్నవాడే. ఆమె పళ్లు పెట్టించుకొని తిన్నగా మా గదిలోకి వచ్చింది.

"నీ పుణ్యమా అని మెట్టంతా నా నోట్లోకి తొంగి చూసింది. ఇంక నీ రేడియో నా ఇంట్లో పలకదు."

"పళ్లు బాగా కుదిరాయి దోన్యా. మాట ఎంత స్పష్టంగా ఉందో" అన్నది ఎర్మెలిందా.

"నిన్ను తిట్టడానికే కుదిర్చుకున్నాను."

వేసవి తాడు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా దక్షిణదేశంలో డిసెంబరున ఎండలు ముదరగానే మా కుటుంబాల్లో సగం ఇళ్లు మూసి, మందలతో కొండమీది పచ్చికలకు ఎక్కుతాయి. పిల్లా జెల్లా అందరూ అక్కడే గుడారాల్లో ఉంటారు. ఆ నెలల్లో కింది ముడి దగ్గర చదివితే ఎవరూ వినరు. అందుకని ఎర్మెలిందా కిటికీ పైభాగాన రెండో తాడు కట్టి, పచ్చికల పేర్లకు వేరే ముళ్లు వేసింది. ముందు పై తాడు చదివి, తరువాత కింది తాడుకు దిగేది. ఈస్టరు పండుగ గడిచిన మరునాడు పై తాడును విప్పి, చుట్టచుట్టి, అలమరలో పెట్టేది. చలి మొదలయ్యే ఈస్టరుకు మందలు దిగుతాయన్నది మా మెట్టమీద పుట్టిన ప్రతివాడికీ తెలిసిన మాట. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, ఎవరమూ దానిని ఎన్నడూ శంకించలేదు.

నేను చెప్పబోయే ఏడు ఈస్టరు ముందుగా, మార్చి నెలలోనే వచ్చింది.

పండుగ గడిచిన రెండో వారంలో, ఒక బుధవారం మధ్యాహ్నం, భూముల కచేరీ మనిషి ఒకడు వచ్చి చీటీ ఇచ్చాడు. కొలతలకు వచ్చే నెలలో రావలసిన ఇంజనీరు ఒర్తిగోసా తీరిక దొరికినందున ముందుగానే బయలుదేరాడట. కన్యదోన్ చీకో అనే లోయలో ఉన్న రోసెందో ఎపులేఫ్ ఇంటికి శుక్రవారం పొద్దున చేరతాడు. ఇంటి మనిషి ఎవరో ఒకరు గుమ్మంలో ఉండి హద్దులు చూపాలి. పొరుగువాడి సాక్ష్యం చెల్లదు.

ఆ మాట బరువు మాకు తెలుసు. రోసెందో తాత ఆ లోయలో మొదటి రాయి పేర్చినవాడు. ఇంట్లో మూడు తరాలు పుట్టినా చేతిలో పట్టా లేదు. కొలత రోజున గడపలో మనిషి లేకపోతే "నిర్జనం" అని రాసుకొని పోతారు. అంతకు ముందేడు ఎగువ లోయలో ఒక కుటుంబానికి అలాగే జరిగింది. వాళ్లు మంద వెంట వెళ్లి ఉండగా కచేరీవారు వచ్చి ఆ మాట రాసుకుపోయారు. దానిని కొట్టివేయించడానికి ఆ ఇంటి పెద్ద ఎక్కని గుమ్మం లేదు. చివరకు వాళ్ల పొయ్యి దగ్గరి దాకా మరొకరి కంచె వచ్చింది.

ఎర్మెలిందా ఆ చీటీని కన్యదోన్ చీకో ముడికి తగిలించి, సాయంత్రం ఆ ముడి దగ్గరకు రాగానే రెండుసార్లు నిదానంగా చదివింది. పని అయిందనుకున్నాం.

గురువారం పొద్దున లారీ నడిపే సెల్సో దారివెంట పోగుచేసుకొచ్చిన చీటీలు ఇవ్వడానికి వచ్చాడు. కుర్చీలో కూలబడి, మాతే ఆకుల కషాయం తాగుతూ అన్నాడు:

"రోసెందో కబురు నిన్న విన్నాను దోన్యా. కొలతవాడు తలుపు తడితే లోపల పలికేదెవరు, ఎలుకలా?"

"అదేమిటి సెల్సో? దిగలేదా వాళ్లు?"

"దిగడమా? నిన్న ఆ ఇంటి మీదుగానే వచ్చాను. తలుపుకు చుట్టిన తీగ చుట్టినట్టే ఉంది. పొగగొట్టం మీద డేగ కూర్చుంది. ఈ ఏడు పైన లాస్ లాహాస్‌లో గడ్డి మోకాటి దాకా ఉందట. మంచు పడేదాకా కదలనన్నాడట మావాడు. ఈస్టరు తొందరపడింది గాని చలి తొందరపడలేదు కదా."

ఎర్మెలిందా కిటికీ పైకి చూసింది. తాడు కట్టే రెండు మేకులూ ఖాళీగా ఉన్నాయి.

"వాళ్లు కొండమీద ఉండగానే నేను వాళ్లను చుట్టచుట్టి అలమరలో పెట్టాను" అన్నది.

"మధ్యాహ్నం లాస్ లాహాస్ పేరు పెట్టి చదివేద్దాం" అన్నాను నేను.

"ఎవరు వింటారు? పండుగ మరునాటి నుంచి మనం ఆ పేరే ఎత్తలేదు. కొన్నాళ్లు తిప్పి చూసి ఉంటారు. తరువాత రోసెందో భార్య నెలీదా బ్యాటరీలు ఊడదీసి దాచి ఉంటుంది. ఆమె చోట నేనున్నా అదే చేస్తాను."

"నేను పోదామన్నా లారీ నది దగ్గర ఆగిపోతుంది" అన్నాడు సెల్సో. "అక్కడ గుర్రం దొరికి, నేను పైకెక్కి, వాడు కిందికి దిగేసరికి కొలతవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు."

మా మెట్టమీద పొగకు ఒక అర్థమున్నది. పచ్చిపొదలు వేసి తెల్లని లావు పొగ లేపితే, దూరాన చూసినవాడు దానిని "రేడియో తిప్పు" అన్న సైగగా తీసుకుంటాడు. లాస్ లాహాస్‌లో ఉన్నవాడికి కనబడేలా ఆ పొగ ఎవరు వేయగలరు? ఎర్మెలిందా లేచి కింది తాడు దగ్గరకు వెళ్లి, కిటికీ చివర నుంచి ముడి ముడికీ ఆగుతూ నడిచింది. ఆ ముళ్లలో ప్రతి ఇంటికీ ఆమె ఏదో ఒక కాలంలో వెళ్లినదే. ఏ గుమ్మం ఎటు చూస్తుందో ఆమెకు గుర్తు.

"అబెలీనో ఇంటికి కొండభుజం అడ్డం. అగ్వా ఫ్రియా గోతిలో ఉంది, వాళ్లకు ఆకాశం తప్ప ఏమీ కనబడదు. పంపా సెకా నుంచి కనబడుతుంది గాని మధ్యాహ్నపు గాలి అక్కడ పొగను లేవనివ్వదు." మరొక ముడి దగ్గర ఆగింది. "లా ఓర్కేతా. గుమ్మంలో కూర్చుంటే ఎదురుగా లాస్ లాహాసే."

సెల్సో పకపకా నవ్వాడు. "పళ్ల దోన్యానా? బాగుంది. ఆమె ఇంట్లో నీ రేడియో పలకదు కదా."

"పలుకుతుంది."

"ఒట్టు వేసింది తల్లీ, మెట్టంతటికీ తెలుసు."

"పోయిన నెల పెనుగాలి వస్తుందని, పైకప్పుల మీద బరువులు పెట్టుకోమని చెప్పాను. మరునాడు నువ్వే వచ్చి చెప్పావు, ముసలమ్మ ఒక్కతే రాళ్లు మోసి కోళ్ల గూటి మీదికి ఎక్కిస్తోందని. ఆ మాట ఆమెకు గాలి చెప్పిందా?"

సెల్సో నవ్వు ఆపి టోపీ సర్దుకున్నాడు.

ఇంకొక చిక్కు మిగిలింది. ఇంజనీరు జీపులోనూ రేడియో ఉన్నది. ఆ ఇంట ఎవరూ లేరన్న సంగతి మేమే చాటితే, అతడు దారిలోనే రాసుకొని తిరిగిపోవచ్చు. మా మెట్టవాళ్లకు కప్పి చెప్పడం కొత్త కాదు. అందరి చెవుల నడుమ ఒక్కడికి మాత్రం తెలిసేలా చెప్పడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఎర్మెలిందా రెండు చీటీలు తానే రాసుకున్నది. అలమర తీసి, పై తాడును మళ్లీ మేకులకు కట్టి, లాస్ లాహాస్ ముడికి మొదటి చీటీ తగిలించింది. మధ్యాహ్నపు కబుర్లు అక్కడే మొదలయ్యాయి.

"లాస్ లాహాస్‌లో రోసెందో ఎపులేఫ్‌కు: కన్యదోన్ చీకోలో రేపు పొద్దున్నే మాతే కాచి ఉంచు. కొలతతాడు పట్టుకొని చుట్టం వస్తున్నాడు. గుమ్మంలో నువ్వే ఉండాలి. లా ఓర్కేతాలో దోన్యా క్లెమెంతీనా కురికేవుకు: ఎర్మెలిందా అడుగుతున్నది. మీ ఇంటి ముందరి పొదలు కాల్చుకోవడానికి ఈ వేళే మంచిది. పచ్చివి కూడా వేయండి. మీ గుమ్మం ఎటు చూస్తుందో మీకు తెలుసు."

ఒకసారి చదివితే చాలదు. పొగ ఎప్పుడు లేస్తుందో, దానిని చూసి రోసెందో ఎప్పుడు రేడియో తిప్పుతాడో ఎవరికి తెలుసు? అతడు తిప్పిన క్షణాన పాట వస్తుంటే కాసేపు విని ఆపేస్తాడు. అందుకని ఆ మధ్యాహ్నం ప్రతి పాటకూ పాటకూ నడుమ ఆ రెండు కబుర్లూ వినిపించాయి. నేను రికార్డు ఎత్తడం, ఆమె చదవడం, నేను రికార్డు దించడం. ఎదుటి వీధి రొట్టెల దుకాణం ఆవిడ చేతుల పిండి దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం ఎర్మెలిందా, రికార్డు గీత పడిందా? అదే తిరుగుతోంది."

"గీత పడింది నాకే. తిరగనీ."

"అయితే గొంతుకైనా ఏదన్నా పోసుకో, పిచ్చిదానా" అని ఆవిడ వెళ్లి తేనె కలిపిన వేడిపాలు పంపింది. ఎర్మెలిందా వాటిని చల్లారనిచ్చింది. సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయింది. అయినా ఒక్క అక్షరం మింగలేదు.

శుక్రవారం మామూలుగానే గడిచింది. అంటే, చీటీలు వచ్చాయి, ముళ్లకు ఎక్కాయి, చదవబడ్డాయి. మా కిటికీలోంచి చూస్తే పడమట దుమ్ము తప్ప మరేమీ కనబడలేదు. బదులు వచ్చే దారి లేని పని మాది. దానికి మేము అలవాటుపడ్డామనుకునేవాణ్ణి. ఆనాడు మాత్రం ఎర్మెలిందా క్లిప్పులన్నిటినీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది.

శనివారం ఇంజనీరు ఒర్తిగోసా దుమ్ముకొట్టుకొని వచ్చాడు. ఇకమీద కొలవబోయే తావులవాళ్లకు తాను వచ్చే రోజు తెలియజేయాలని చీటీ ఇచ్చాడు. ఎర్మెలిందా దానిని తగిలించి, క్లిప్పు వదలకుండానే అడిగింది:

"కన్యదోన్ చీకోలో ఎవరైనా కనిపించారా ఇంజనీరు గారూ?"

"కనిపించాడు. నేను వెళ్లేసరికి తలుపుకు చుట్టిన తీగ విప్పుతున్నాడు. గుర్రం నురగలు కక్కుతోంది. మనిషి నిలబడలేక గోడ పట్టుకున్నాడు. 'ఇప్పుడేనా నువ్వు ఇక్కడికి వచ్చింది?' అన్నాను. 'వచ్చింది మా తాత. నేను ఇక్కడ పుట్టాను' అన్నాడు."

"తరువాత?"

"తరువాత నన్ను హద్దులన్నీ తిప్పాడు. ప్రతి రాయికీ ఒక పేరు చెప్పాడు. నా కాళ్లు పడిపోయాయి. తిరిగొచ్చాక మాతే ఇచ్చాడు."

"మరి ఏమని రాశారు?"

"ఏమని రాస్తాను? నివాసం ఉన్నదని రాశాను."

"సిరాతోనేనా?"

"సిరాతోనేనమ్మా" అన్నాడు ఆయన, కొంచెం ఆశ్చర్యపడి.

ఎర్మెలిందా అటు తిరిగి కెటిల్ తీసి పొయ్యిమీద పెట్టింది. దానిలో నీళ్లు లేవని నాకు కనబడుతూనే ఉన్నది, నేను చెప్పలేదు.

మరుసటి వారం సెల్సో లారీలో ఇద్దరు దిగారు. ముందు దోన్యా క్లెమెంతీనా, వెనుక టోపీ చేతపట్టుకొని రోసెందో.

"ఏదీ ఆ గొంతు?" అంటూ వచ్చింది ముసలమ్మ. "నా కోళ్ల గూడు ఇమ్మని వచ్చాను. పచ్చిపొదలు అంటుకోకపోతే గూటి కప్పు పీకి కింద వేశాను. కోళ్లన్నీ ఇప్పుడు నా మంచం కింద పడుకుంటున్నాయి."

"రేడియో పలకదన్నారు కదా దోన్యా?"

"నేను పలకనివ్వను. అదే పలికింది. మెట్టంతా వింటుండగా నా పేరు పెట్టి అడిగావు. అడిగాక చెయ్యకపోతే రేపు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? కావాలనే అలా చదివావు, నాకు తెలుసు."

"కావాలనే చదివాను" అన్నది ఎర్మెలిందా. "మీ గుమ్మం ఒక్కటే అటు చూస్తుంది. మీరు చేస్తారనీ తెలుసు."

ముసలమ్మ కుర్చీ లాక్కొని కూర్చున్నది. గూటి కప్పు తానే వేయిస్తానని రోసెందో అప్పటికే ఒప్పుకున్నాడట. అయినా ఆమె ఆ సంగతి చెప్పలేదు.

రోసెందో నెమ్మదైన మనిషి. మాటలు ఒక్కొక్కటిగా తీసి పెట్టినట్టు మాట్లాడతాడు. పొగ చూడగానే నెలీదా పిండిసంచిలో దాచిన బ్యాటరీలు తీసిందనీ, అవి పలకకపోతే నిప్పు దగ్గర పెట్టి కాచిందనీ, పాట ఒకటి అయిపోగానే తన పేరు వినబడిందనీ చెప్పాడు. "కొలతతాడు అన్న మాట వినేసరికి జీను చేతిలోకి తీసుకున్నాను. తరువాతి మాటలు నెలీదా విన్నది." అంతవరకు చెప్పి, టోపీ అంచు తిప్పాడు.

"ఒక మాట అడగనా దోన్యా? తప్పుగా అనుకోకూడదు."

"అడుగు."

"పండుగ తరువాత కూడా రోజూ తిప్పాం. మా పేరు రాలేదు. కబురు లేక రాలేదా, మమ్మల్నే తీసేశారా, మాకెలా తెలుస్తుంది? వినేవాడికి రెండూ ఒకటిగానే ఉన్నాయి. నెలీదా అన్నది, 'మనం ఇక్కడ లేమనుకుంటున్నారు' అని. బ్యాటరీలు తీసేసింది."

ఎర్మెలిందా తప్పును పండుగ మీదికి నెట్టలేదు. తాతల మాట మీదికి నెట్టలేదు. "నిజమే రోసెందో. మీరు లేరని నేనే అనుకున్నాను. కచేరీ వాళ్లు రాయబోయిన మాట నేను ముందే రాసేశాను" అన్నది.

ఆ సాయంత్రమే ఆమె కొత్త పద్ధతి పెట్టింది. అప్పటిదాకా చీటీ ఉన్న ముడి దగ్గర మాత్రమే ఆగేది. ఖాళీ ముళ్లను దాటి నడిచేది. ఇకమీదట ప్రతి ముడి దగ్గరా ఆగి తావు పేరు చదవాలి. చీటీ ఉంటే చీటీ. లేకపోతే "ఈ వేళ కబురు లేదు". పచ్చికల తాడును పండుగను చూసి విప్పకూడదు. "దిగివచ్చాం" అని ఆ కుటుంబం నోటి నుంచి కబురు వచ్చాకనే ఆ ముడి విప్పాలి. ఉన్నామో లేమో చెప్పవలసినవాళ్లు వాళ్లే.

"చాలా సేపు పడుతుంది" అన్నాను నేను, యంత్రం చూసుకునేవాడిని గనుక.

"కబురు లేదు అనడానికి ఎంత సేపు పడుతుంది? అని చూడు."

అని చూశాను. ఊపిరి పీల్చినంత సేపు కూడా పట్టలేదు.

"లాస్ లాహాస్: ఈ వేళ కబురు లేదు. సెర్రో బాయో: ఈ వేళ కబురు లేదు. అగ్వా ఫ్రియా: ఒక కబురు." ఇలా సాగేది. ఇది మెట్టమీదివారికి విసుగు పుట్టిస్తుందని భయపడ్డాను. జరిగింది వేరు. కొడుకు ఆసుపత్రిలో ఉన్న తల్లికి "కబురు లేదు" అన్నది ఒక కబురే అయింది. ఆ రాత్రికి చెడ్డమాట రాలేదని తెలిసి ఆమె నిద్రపోయేది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. దేశపటంలో చుక్కకు కూడా నోచుకోని తావుల పేర్లు రోజుకు మూడుసార్లు, అధ్యక్షుడి ప్రసంగం వచ్చే యంత్రంలోంచే, పూర్తిగా, మర్యాదగా వినబడసాగాయి. వసతిగృహంలో పిల్లలు పడుకునే ముందు ఆ పేర్లను కొండ నుంచి పట్టణం దాకా వరుసగా వల్లించేవారు. తమ తావు పేరు దగ్గర ప్రతి బిడ్డ గొంతూ కొంచెం పెరిగేదని అక్కడి వార్డెను నవ్వుతూ చెప్పింది. అదే పెరుగుదలను నేను పెద్దల గొంతుల్లోనూ విన్నాను. ఆ గర్వంలో నాకూ పాలున్నదని ఒప్పుకుంటాను. ఆ యంత్రాన్ని అటుపిమ్మట ఎన్నడూ ఒక్క పూటైనా మూగబోనివ్వలేదు.

ముడి లేనివాళ్లు ముడి కోసం రాసాగారు. రెండు ఇళ్ల తావులు, మూడు ఇళ్ల తావులు. తాడు చాలక గోడ చుట్టూ తిరిగి నడవలోకి వెళ్లింది. చలికాలం నడుమ ఒకనాడు అబుందియో కల్ఫునావ్ అనే వృద్ధుడు వచ్చాడు. గుర్రాన్ని బయట కట్టి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రండి దోన్ అబుందియో. చీటీ తెచ్చారా?"

"చీటీ లేదమ్మా. నాకు రాసేవాళ్లు ఎవరూ లేరు. మాదీ చదువుతారేమోనని అడగడానికి వచ్చాను."

"తప్పకుండా. మీ తావు పేరేమిటి?"

"తావు కాదు. ఒక్క ఇల్లే. పేరు లేదు."

"మీరేమంటారు దాన్ని?"

"ఇల్లు అంటాను."

"ఎవరైనా 'ఎక్కడుంటావు' అని అడిగితే?"

"ఎవరూ అడగలేదు ఇంతవరకు."

ఎర్మెలిందా ఆయనను కూర్చోబెట్టి, వేడి మాతే చేతికిచ్చింది. "గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఏం కనబడుతుంది?"

వృద్ధుడు కళ్లు మూసుకొని చూశాడు. "ఎర్రటి రాయి ఒకటి. నిలువుగా. పొద్దు వాలినప్పుడు నిప్పులా ఉంటుంది. మా అమ్మ దానికి నమస్కారం చేసేది."

"అయితే పియెద్రా రోహా అందామా? ఎర్రరాయి."

ఆయన ఆ మాటను పెదవులతో ఒకసారి, రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తల ఊపాడు. ఎర్మెలిందా తాడులో ఆయన ఇంటికి సరిపడే చోటు ఎక్కడో ఆయననే అడిగి, పంపా సెకాకు కొంచెం ఇవతల, ఆయన చూస్తుండగా ముడి వేసింది. చీకటి పడకముందు ఇల్లు చేరాలని ఆయన వెంటనే బయలుదేరాడు.

సాయంత్రం నేను మీట నొక్కాను. ఎర్మెలిందా కిటికీ దగ్గర మొదలుపెట్టి, పేరు వెంట పేరు చదువుతూ, తాడు పక్కన నడిచింది. పంపా సెకాలో ఇద్దరికి కబుర్లున్నాయి, చదివింది. తరువాతి ముడిని రెండు వేళ్లతో పట్టుకొని, గొంతు సవరించుకున్నది.

"పియెద్రా రోహా" అన్నది. "దోన్ అబుందియో కల్ఫునావ్ నివాసం. ఈ వేళ కబురు లేదు."